మోటారు కాదు, వైరు: వెనక డోర్ లాక్‌తో నా కుస్తీ

మా కారు ఎడమ వెనక డోర్ నాలుగు నెలలుగా బుద్ధి పుడితే లాక్ అయ్యేది, లేకపోతే లేదు. డ్రైవర్ డోర్‌లో తాళం తిప్పితే మిగతావన్నీ టక్కున పడేవి, ఇదొక్కటే కదిలేది కాదు. "మోటారు పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నాడు మెకానిక్. వేయించా. వారం బాగానే పనిచేసి మళ్లీ మొదటికొచ్చింది. ఇక నేనే విప్పుదామనుకున్నా.

కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడో కొన్న పసుపు రంగు మల్టీమీటర్ ఇంట్లో ఉంది. దాంతో అప్పటిదాకా రిమోట్ సెల్స్ తప్ప ఏమీ చూడలేదు. ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లో మొదలుపెట్టా. ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పేశా. వైర్లో కరెంటు ఉండగా ఓమ్స్ (కరెంటుకు ఎంత అడ్డు ఉందో చెప్పే లెక్క) కొలిస్తే అంకెలు తప్పొస్తాయి, మీటరూ పోవచ్చు.

డోర్ ప్యాడ్ తీయడం పెద్ద తతంగం. అద్దం తిప్పే హ్యాండిల్ వెనక ఒక చిన్న స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. పాత గుడ్డ ఆ సందులో దూర్చి అటూ ఇటూ లాగితే ఊడి ఎగిరిపోయింది. దాన్ని కారు కింద వెతకడానికే పావుగంట పట్టింది. ప్యాడ్ లాగుతుంటే ప్లాస్టిక్ క్లిప్పులు రెండు విరిగాయి కూడా.

మోటారుకు రెండే వైర్లు, నీలం, ఆకుపచ్చ. మీటర్‌ని 200 ఓమ్స్ దగ్గర పెట్టి, ప్రోబులు (మీటర్ వైర్ల కొసన ఉండే సూదులు) రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.4 చూపించింది. అది మీటర్ సొంత లెక్క, ప్రతిసారీ తీసేయాలి. కనెక్టర్ ఊడదీయకుండా వెనక నుంచి ప్రోబులు గుచ్చితే 0.6 వచ్చింది. కొత్త మోటారు కూడా షార్ట్ అయిపోయిందా అని నీరసం వచ్చేసింది. కాసేపు ఆలోచిస్తే తెలిసింది, నేను కొలుస్తున్నది మోటారు ఒక్కదాన్నే కాదు. అన్ని డోర్ల మోటార్లకూ కరెంటు పంపే లాక్ యూనిట్‌లో రిలేలు (కరెంటుతో పడే స్విచ్‌లు) ఊరికే ఉన్నప్పుడు ఆ రెండు వైర్లూ కారు బాడీకే కలిసి ఉంటాయి, అంటే రెండూ ఒకదానికొకటి తాకినట్టే. మిగతా డోర్ల మోటార్లు కూడా అదే జంటకు తగిలించి ఉన్నాయి. ప్లగ్ ఊడదీసి మోటారుని విడిగా కొలిస్తే 4.7 వచ్చింది. 0.4 తీసేస్తే 4.3. రాడ్‌ని చేత్తో ఆడిస్తే అంకె కాస్త అటూ ఇటూ మారింది, అంతే. మోటారు నిక్షేపంలా ఉంది.

అయితే వైరే. డాష్‌బోర్డ్ కింద యూనిట్ ప్లగ్ కూడా ఊడదీసి, అక్కడి నుంచి వెనక డోర్ దాకా కొలవడానికి ఒక పొడుగాటి వైరు లాగాను. ఆ వైరూ ప్రోబులూ కలిపి 0.9. ఆకుపచ్చ వైరు 1.1 చూపింది, అంటే 0.9 తీసేస్తే 0.2 మాత్రమే, నీలమూ అంతే. రెండూ బాగున్నట్టే! మధ్యాహ్నం భోజనానికి పైకి వెళ్లిపోయా, చిరాగ్గా.

తింటుండగా తట్టింది. కొలిచినంతసేపూ డోర్ బార్లా తీసే ఉంది. లాక్ పడాల్సింది డోర్ మూసి ఉన్నప్పుడు కదా.

మళ్లీ కిందికి దిగి, నేను వెనక సీట్లో కూర్చుని మీటర్ చూస్తుంటే మావాడు బయటి నుంచి డోర్ నెమ్మదిగా మూశాడు. ఆకుపచ్చ కదల్లేదు. నీలం మాత్రం డోర్ ఇంకో జానెడు దూరంలో ఉండగా 1.1 నుంచి ఎగిరి, స్క్రీన్ ఎడమ చివర ఒంటరిగా '1' అయిపోయింది. అంటే దారి తెగిపోయిందని. "మళ్లీ తెరువు" అంటే 1.1. "మూయి" అంటే 1. "ఎన్నిసార్లు నాన్నా?" అని వాడి గోల.

డోర్‌కీ పిల్లర్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం వెనక్కి లాగి చూశా. నీలం వైరు పైకి చక్కగానే ఉంది. రెండు వేళ్లతో పట్టి లాగితే ఒక్కచోట మాత్రం రబ్బరు బ్యాండులా సాగింది. లోపల రాగి తెగి, పైతొడుగు ఒక్కటే మిగిలిందన్నమాట. కోసి చూస్తే పచ్చటి పొడి రాలింది. మోటారు మార్చినప్పుడు వైర్లు కదిలి ఆ కొసలు మళ్లీ తాకి ఉంటాయి, అందుకే వారం పనిచేసినట్టుంది.

పక్కనే అంతే నలిగిన ఆకుపచ్చని కూడా వదల్లేదు. రెండింటికీ కాస్త పొడుగు ముక్కలు అతికి, అతుకులు గొట్టం మడత పడే చోట రాకుండా చూసి, సోల్డర్ చేసి స్లీవ్ వేశా. డోర్ మూసి కొలిస్తే రెండూ 1.1. బ్యాటరీ కలిపి తాళం తిప్పితే నాలుగూ ఒకేసారి టక్ మన్నాయి.

విరిగిన ఆ రెండు క్లిప్పులు మాత్రం ఇంకా తేలేదు. గతుకుల రోడ్డెక్కితే ఆ ప్యాడ్ టపటపా కొట్టుకుంటోంది.