సెంట్రల్ లాబీలో మా అమ్మాయి

లండన్‌లో బ్రిటన్ పార్లమెంటు భవనంలోని వెస్ట్‌మినిస్టర్ హాల్‌లోకి అడుగుపెట్టగానే ఆపిల్ పండ్లమ్మే బల్ల ఎక్కడ ఉండేదో అని చుట్టూ చూశాను. ఇప్పుడున్నవి చల్లటి రాతి నేల, పైన పెద్ద పెద్ద దూలాలు. 1866లో ఆడవాళ్ళకు ఓటు కావాలంటూ సుమారు 1,500 మంది సంతకాలు చేసిన అర్జీని ఇద్దరు యువతులు ఇక్కడికే తెచ్చారు. ఎంపీ జాన్ స్టూవర్ట్ మిల్ వచ్చేదాకా దాన్ని ఆ పండ్లావిడ బల్ల కింద దాచారట. ఇప్పుడు అర్జీ ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. సంతకాలు 10,000 దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే సభలో చర్చకు పరిశీలిస్తారు.

మా చెల్లి కూతురు లండన్‌లో నర్సు. నా కోసం ఆ రోజు సెలవు పెట్టింది.

సెయింట్ స్టీఫెన్స్ హాల్‌లో ఫాక్‌ల్యాండ్ ప్రభువు విగ్రహం ఉంది. గుర్రాన్ని అదిలించడానికి బూటుకు ముల్లు ఉంటుంది కదా, అది విరిగి ఉంది. 1909లో ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడిన మార్జరీ హ్యూమ్స్ ఆ విగ్రహానికి గొలుసుతో తనను కట్టేసుకుంది. ఆమెను విడదీసేటప్పుడు విరిగిందట. నేను అక్కడే చాలాసేపు ఉండిపోయాను. ఓటు కోసం పోరాడినవాళ్ళలోనూ పద్ధతి దగ్గర పేచీ ఉండేది. మిల్లిసెంట్ ఫాసెట్ వర్గానిది అర్జీలు, సభలు, చట్టం గీత దాటని దారి. ఎమెలీన్ పాంక్‌హర్స్ట్ వర్గం మాటలు చాలు, చేతలు కావాలంది. నలభై ఏళ్ళు అర్జీలు పెట్టినా తలుపు తెరుచుకోకపోతే గొలుసు పట్టుకున్నవాళ్ళను తప్పుపట్టడం నావల్ల కాలేదు.

సెంట్రల్ లాబీ ఎనిమిది పలకల గది. అక్కడి కిటికీలకున్న లోహపు జాలీలు ఒకప్పుడు పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో ఆడవాళ్ళ గ్యాలరీకి అడ్డంగా ఉండేవి. వాటి వెనక కూర్చుని వినాలి, సభలోవాళ్ళకు మాత్రం కనబడకూడదు. 1908లో మ్యూరియల్ మేటర్స్, హెలెన్ ఫాక్స్ ఆ జాలీకే గొలుసులు వేసుకున్నారు. వాళ్ళను బయటికి తీసుకెళ్ళడానికి జాలీ ముక్కనే ఊడదీయాల్సి వచ్చింది. 1917లో జాలీలన్నీ తీసేశారు.

ఆ జాలీ పక్కనే నిలబడి మా అమ్మాయి మెల్లగా చెప్పింది, "నాకు ఇక్కడ ఓటుంది, పెద్దమ్మా."

"నీది మన పాస్‌పోర్టే కదా?"

"కామన్వెల్త్ దేశాలవాళ్ళం కదా, ఇక్కడ నివాసముంటే పార్లమెంటు ఎన్నికల్లోనూ వెయ్యొచ్చు. పేరు నమోదు చేయించుకోవాలి, అంతే. మనవాళ్ళలో చాలామంది చేయించుకోరు."

సభ జరిగే రోజుల్లో తన ఎంపీని కలవాలని ఎవరైనా ఈ లాబీకి వచ్చి కబురు పంపొచ్చట.

బయట పార్లమెంట్ స్క్వేర్‌లో చేతిలో బ్యానర్‌తో ఫాసెట్ విగ్రహం ఉంది. 2018లో పెట్టారు, ఆ చౌకులో అదే మొదటి స్త్రీ విగ్రహం. పీఠం చుట్టూ ఆ ఉద్యమంలో పనిచేసిన 59 మంది పేర్లున్నాయి. చుట్టూ తిరిగి వెతికితే సోఫియా దులీప్ సింగ్ పేరు దొరికింది. పంజాబు మహారాజు రంజిత్ సింగ్ మనవరాలు ఆవిడ. ఓటు లేనప్పుడు పన్నెందుకు కట్టాలని నిలదీసింది. మా అమ్మాయి ఆ అక్షరాల మీద వేలు పెట్టి, రెండుసార్లు పైకి చదివింది.