బ్లాక్ మాస్‌లో రాగి రేకు పడితే

పాత లిథియం అయాన్ సెల్‌లోంచి కోబాల్ట్ తీయడమనగానే అందరి దృష్టీ ఆమ్లం మీదికే పోతుంది. సెల్‌ను చూర్ణం చేస్తే వచ్చే నల్లపొడినే బ్లాక్ మాస్ అంటారు, కోబాల్ట్ ఉండేది అందులోనే. సెల్‌లో ఆ పొడి రాగి, అల్యూమినియం రేకులకు అంటుకుని ఉంటుంది. అసలు పని చెడేది ఆమ్లానికి ముందే, ఆ రేకుల్ని వేరుచేసే దగ్గర.

ముందు సెల్ ఛార్జ్ దించాలి. ఉప్పునీళ్లలో వేస్తే కరెంటు బయటికొచ్చే పైకొనలు తుప్పుపట్టి తెగిపోతాయి. అప్పుడు మీటర్ సున్నా చూపిస్తున్నా లోపల ఛార్జ్ మిగిలే ఉంటుంది. రెసిస్టర్ కట్టి దించడం మేలు. తీసేశాక వోల్టేజీ మళ్లీ కొంత లేస్తుంది, కాసేపాగి ఇంకోసారి కొలవండి. సెల్ విప్పితే ఎలక్ట్రోలైట్‌లోని లవణం తేమతో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువును వదులుతుంది. వాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేనిచోట ఈ పని తలపెట్టనే వద్దు.

చూర్ణం చేసేటప్పుడు ఎక్కువసేపు తిప్పితే రాగి, అల్యూమినియం రేకులూ పొడైపోయి, జల్లెడలోంచి నల్లపొడితోపాటు జారిపోతాయి. తక్కువసేపు తిప్పి, రేకులు పెద్ద ముక్కలుగా ఉండగానే జల్లించాలి. పొడిని రేకుకు అంటించే బైండర్ పోవడానికి కాల్చేట్టయితే 500 డిగ్రీల దగ్గర ఆపండి. 660 డిగ్రీలకు అల్యూమినియం కరిగి పొడిని తనలో ముద్దగా పట్టేస్తుంది.

నల్లపొడిలో కోబాల్ట్ ఉన్నది లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ రూపంలో అనుకుంటే, దాని 100 గ్రాముల్లో కోబాల్ట్ సుమారు 60 గ్రాములు. లెక్కప్రకారం ఆ 100 గ్రాములు కరగడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం 150 గ్రాములు, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 58 గ్రాములు చాలు. పెరాక్సైడ్ పని మూడు ఆవేశాల కోబాల్ట్‌ను రెండుకి దించడం. అది లేకపోతే కోబాల్ట్ సరిగా కరగదు. ఆమ్లం గాఢత రెండు మోలార్, వేడి 70 డిగ్రీలు. పెరాక్సైడ్ మాత్రం చుక్కచుక్కగా పోయాలి, ఒక్కసారే పోస్తే నురగై పొంగుతుంది. రాగి ఉంటే తానూ కరుగుతుంది, పెరాక్సైడ్‌నీ ఊరికే విరగ్గొడుతుంది. అందుకే లెక్కకు రెట్టింపు పోసినా చాలదు.

తర్వాత క్షారం పోసి పీహెచ్ 5కు తెస్తే, కరిగిన అల్యూమినియం జిగురులా అడుక్కి దిగి, వడపోత కాగితాన్ని మూసేసి, కోబాల్ట్‌నూ కొంత పట్టుకుపోతుంది. క్షారాన్ని పలుచగా, కలుపుతూ, మెల్లగా పోస్తే నష్టం తగ్గుతుంది. రాగిని ఇనుప పొడితో దించవచ్చు గానీ, ఆ ఇనుము ద్రావణంలోకి ఎక్కుతుంది, దాన్ని మళ్లీ తీయాలి.

కోబాల్ట్‌ను హైడ్రాక్సైడ్‌గా దించేశాక, మిగిలిన ద్రావణాన్ని ఇగిర్చి 90 డిగ్రీలు దాటించి సోడియం కార్బొనేట్ కలపండి. లిథియం కార్బొనేట్ వేడినీళ్లలోనే తక్కువ కరుగుతుంది: 100 మిల్లీలీటర్లకు 20 డిగ్రీల దగ్గర 1.3 గ్రాములు, మరిగే నీళ్లలో 0.7. కాబట్టి వేడిమీదే వడకట్టి, కడగడానికీ మరిగే నీళ్లే, అవీ కొద్దిగా వాడండి.