పరీక్షల మధ్య మేలిముసుగు

రెండు పేపర్ల మధ్య ఖాళీ దొరికితే మా హాస్టల్లో అందరూ పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుంటారు. నేను స్కెచ్ పుస్తకం పట్టుకుని సాలార్‌జంగ్ మ్యూజియానికి బస్సెక్కుతాను.

ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా శిల్పం ముందు నిలబడితే ఫ్లూయిడ్ మెకానిక్స్ గుర్తుకే రాదు. ముఖం కనిపించేంత పలుచని బట్టను పాలరాతిలో ఎలా చెక్కాడో! ఆ మడతలు నా పెన్సిల్‌కు లొంగవు. నీడ కాస్త ముదిరితే చాలు, ముసుగు దుప్పటి అయిపోతుంది. గంట కొట్టే గడియారం దగ్గర ఎప్పుడూ జనమే. నాకు అంత ఆసక్తి లేదు.

తిరిగి వస్తూ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

నోట్సు అంచుల నిండా మడతల బొమ్మలే. చూసి, "పేపరు దిద్దేవాళ్ళకూ ఇవే గీసిస్తావా?" అంది నా గదిలో ఉండే అమ్మాయి. రేపు శుక్రవారం, మ్యూజియానికి సెలవు. బెర్నూలీ సూత్రం చదవక తప్పదు.