రంగుల లెక్క నుంచి ఫ్లో లెక్కకి

గ్రాఫ్ అంటే వెర్టెక్స్‌లనే బిందువులు, వాటిని కలిపే ఎడ్జ్‌లనే గీతలు. మా ఎమ్మెస్సీలో పక్కపక్కవాటికి వేర్వేరు రంగులేసే గ్రాఫ్ కలరింగ్ ఒక యూనిట్, ఎడ్జ్‌ల మీద గరిష్ఠంగా ఎంత ప్రవాహం పంపొచ్చో చూసే నెట్‌వర్క్ ఫ్లోలు మరో యూనిట్. ఒకదాన్ని చదువుతుంటే రెండోది గుర్తు రావాల్సిన అవసరమే ఉండేది కాదు. సెమినార్‌కి గైడ్ సార్ ఇచ్చిన టాపిక్ మాత్రం రెండిటినీ కలిపేసింది: 1954లో గణితవేత్త టట్ ప్రతిపాదించిన నోవేర్-జీరో ఫ్లో.

ఇందులో గరిష్ఠం ఎంత అన్న గొడవ లేదు. ప్రతి ఎడ్జ్‌కీ ఒక దిశ, సున్నా కాని ఒక పూర్ణాంకం ఇవ్వాలి. ప్రతి వెర్టెక్స్ దగ్గర వచ్చేదీ పోయేదీ సరిపోవాలి. విలువలు −3 నుంచి 3 లోపే ఉంటే అది 4-ఫ్లో, −4 నుంచి 4 లోపైతే 5-ఫ్లో, అలా.

నిర్వచనం ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు. చివరికి ఇండియా మ్యాప్ ముందేసుకున్నాను. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక కలిసే చోటు ఒక వెర్టెక్స్, అక్కడ కలిసే సరిహద్దులు మూడూ ఎడ్జ్‌లు. నాలుగు రంగులకి బదులు 0 నుంచి 3 దాకా నంబర్లనుకుని, ఈ మూడు రాష్ట్రాలకీ 0, 1, 3 వేశాను. ఆ బిందువు చుట్టూ తిరుగుతూ సరిహద్దు దాటినప్పుడల్లా తేడా రాస్తే +1, +2, −3. కూడితే సున్నా. బయల్దేరిన రాష్ట్రానికే తిరిగొచ్చాక ఇంకేం వస్తుంది! ఇరుగుపొరుగు రంగులు వేరు కాబట్టి ఏ తేడా సున్నా కాదు. అంటే నాలుగు రంగుల మ్యాప్ చేతిలో ఉంటే 4-ఫ్లో వచ్చేసినట్టే.

తిరుగు దారి దగ్గరే అసలు టెన్షన్. ఫ్లో మాత్రమే ఇస్తే రంగులెలా? ఒక ప్రాంతానికి 0 వేసి, ఎడ్జ్ దాటినప్పుడల్లా దాని ఫ్లో కలుపుకుంటూ పోవాలి, ప్రతిసారీ మాడ్యులో 4, అంటే 4తో భాగిస్తే మిగిలే శేషం, తీసుకోవాలి. ఒకే చోటికి రెండు దారుల్లో వెళ్తే రెండు జవాబులొస్తాయేమోనని భయం. రావు. ఆ రెండు దారుల మధ్య చిక్కిన వెర్టెక్స్‌లన్నిటి నుంచి బయటికి పోయే నికర ఫ్లో సున్నా, రెండు జవాబుల తేడా కూడా అదే. సెమినార్‌లో సగం సమయం ఈ ఒక్క మాటకే ఇచ్చాను, ఇస్తే తప్ప మిగతాది అర్థం కాదనే ఇప్పటికీ నా అభిప్రాయం.

కాగితం మీద ఎడ్జ్‌లు అడ్డం పడకుండా గీయలేని గ్రాఫ్‌లో రంగులేయడానికి ప్రాంతాలే ఉండవు. ఫ్లోకి ఆ ఇబ్బంది లేదు. అలాంటిదే అయిన పది వెర్టెక్స్‌ల పీటర్సన్ గ్రాఫ్‌కి 4-ఫ్లో కుదరదు, 5-ఫ్లో కావాలి. బ్రిడ్జ్ (తీసేస్తే గ్రాఫ్ విడిపోయే ఎడ్జ్) లేని ఏ గ్రాఫ్‌కైనా 5 చాలునని టట్ ఊహ. మ్యాప్‌కి ఐదు రంగులు చాలని హీవుడ్ 1890లోనే తేల్చాడు, ఈ 5 మాత్రం ఇంకా తేలలేదు. 1981లో సీమోర్ 6 చాలని నిరూపించాడు. ఇప్పుడు ఆ నిరూపణ చదువుతున్నాను.