సుడి నడుమ సున్నా శిఖరం: ఒకటా, రెండా?

అతివాహకంలోకి అయస్కాంత క్షేత్రం దూరే చోట ఏర్పడే సుడి నడిబొడ్డున ఎస్టీఎం (తలాన్ని అణువణువూ తడిమే సూక్ష్మదర్శిని) సూది నిలిపి వాహకత కొలిస్తే, సున్నా వోల్టేజి దగ్గర శిఖరం లేస్తుంది. చూడగానే మయోరానా (తనకు తానే ప్రతికణమైన, సున్నా శక్తి దగ్గరుండే స్థితి) అనేయకూడదు. 1989లోనే నయోబియం డైసెలినైడ్ అనే మామూలు అతివాహకం సుడుల్లో అది కనబడింది, దానికీ మయోరానాకీ సంబంధం లేదు. సుడిలో చిక్కిన ఎలక్ట్రాన్ శక్తి స్థాయిల మధ్య ఎడం సుమారుగా గ్యాప్ వర్గాన్ని ఫెర్మీ శక్తితో భాగించినంత (గ్యాప్ అంటే అతివాహకంలో ఎలక్ట్రాన్లకు స్థాయిలే లేని శక్తి మేర, ఫెర్మీ శక్తి అంటే ఎలక్ట్రాన్లు నిండిన పై అంచు). గ్యాప్ 1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్, ఫెర్మీ శక్తి 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే ఆ ఎడం గ్యాప్‌లో వెయ్యో వంతే. 0.4 కెల్విన్‌లో కూడా వేడి వల్ల గీత 0.12 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ మేర అలుక్కుపోతుంది. వందకు పైగా స్థాయిలు కలిసి ఒకే శిఖరంలా నిలబడతాయి.

టిన్ టెల్యురైడ్ అనే స్ఫటికానిది ఇంకా ఆసక్తికరమైన చిక్కు. దాని (001) తలం మీద నాలుగు డిరాక్ శంకువులుంటాయి (శంకువు ఆకారపు ఎలక్ట్రాన్ శక్తి పట్టీలు), వాటికి కాపలా (110) తరహా రెండు నిలువు తలాల అద్దపు సౌష్ఠవం, అంటే ఆ తలాల్లో ప్రతిబింబించినా స్ఫటికం మారకపోవడం. నిలువు అయస్కాంత క్షేత్రం అద్దాన్నీ చెడగొడుతుంది, కాలవిపర్యయాన్నీ (కాలాన్ని వెనక్కి తిప్పినా మారని గుణాన్ని) చెడగొడుతుంది, కానీ రెండూ కలిపి చేస్తే నిలుస్తుంది. అందుకే ఒకే సుడిలో ఒకటికి మించి మయోరానాలు ఒకదాన్నొకటి చెరుపుకోకుండా ఉండగలవు. ఆ జోడు సౌష్ఠవం పోతే సరి బేసి లెక్కే మిగులుతుంది, జంటలు చీలిపోతాయి. సీసంతో జతచేసిన టిన్ టెల్యురైడ్‌లో ఇలాంటి కలయిక ఆనవాళ్లు 2024లో వెలువడ్డాయి.

శిఖరంలో ఉన్నవి ఆ సౌష్ఠవం కాపాడే మయోరానాలో కావో తేల్చే పరీక్ష క్షేత్రాన్ని వంచడమే. అద్దపు తలంలోనే వంచితే జోడు సౌష్ఠవం చెక్కుచెదరదు. 45 డిగ్రీలు పక్కకు తిప్పి వంచితే ఆ రెండు అద్దాలూ పోతాయి. రెండు దిక్కుల్లోనూ అడ్డ క్షేత్రం (తలానికి సమాంతరంగా ఉండే భాగం) సమానంగా ఉండాలి, ఈ పోలికే ప్రాణం. అడ్డ క్షేత్రం దానంతటదే శిఖరాన్ని కొంత వెడల్పు చేస్తుంది కాబట్టి ఒక్క దిక్కు కొలతతో ఏమీ తేలదు.

మొత్తం క్షేత్రాన్ని తిప్పకండి. నిలువు భాగాన్ని కదపకుండా అడ్డ భాగాన్ని చేర్చాలి, లేదంటే సుడుల ఎడం మారిపోతుంది. 1 టెస్లాలో ఎడం 49 నానోమీటర్లు, 0.1 టెస్లాలో 155. దగ్గరి సుడులు కలిసినా శిఖరం చీలుతుంది, అదీ సౌష్ఠవం పోవడమే అనిపిస్తుంది. వంచిన ప్రతిసారీ సున్నా వోల్టేజి పటం మళ్లీ తీసి కేంద్రం వెతకాలి. సుడి కొద్దిగా జరిగి, సూది పాతచోటే ఉండిపోతే, నయోబియం డైసెలినైడ్‌లో కేంద్రం దాటితే కనబడే మామూలు చీలికే ఇక్కడా కనబడుతుంది.