నలభై రెండో రోజు

ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండగలిగేవాణ్ని కనుక, నేను తాగుబోతును కానని పదకొండేళ్లపాటు నమ్మాను. మాల తీసిన సాయంత్రమే సీసా తెరిచేవాణ్నన్న సంగతిని మాత్రం ఏనాడూ ఆ లెక్కలో వేయలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు జమాఖర్చులు రాసేవాడు చేయకూడని పొరపాటు అది.

2022లో మాల వేసుకున్న రెండో రాత్రి చేతులు వణికి దీపం వెలిగించలేకపోయాను. మూడో రోజు గోడల నిండా చీమలు పాకుతున్నాయని కేకలు వేశానని మా ఆవిడ చెబుతుంది, నాకు గుర్తు లేదు. రోజూ రెండు క్వార్టర్లు, అంటే 360 మిల్లీలీటర్లు, అలవాటైన శరీరానికి మద్యం ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చని ఆస్పత్రిలో చేరాక గాని మాకు తెలియలేదు. వణుకును అదుపు చేసే క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రల మోతాదు తగ్గిస్తూ, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఇస్తూ తొమ్మిది రోజులు ఉంచారు. మాటలతో చేసే చికిత్స ఆ తరువాతే మొదలైంది. మాటలే చాలునని ఈ దశను దాటవేయాలనుకునేవారికి ఇది చెప్పక తప్పదు.

సైకాలజిస్టు ఒకావిడ, వయసులో నాకంటే చాలా చిన్న. నీతులు వినడానికి సిద్ధపడి వెళ్లాను. "మానేయాలన్న కోరికకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు, సార్?" అని అడిగారు. నాలుగన్నాను. ఎనిమిది ఎందుకు లేవని నిలదీస్తారనుకుంటే, "రెండే ఎందుకు వేయలేదు?" అన్నారు. జవాబు వెతుక్కుంటూ, మా అమ్మాయి ఫీజు డబ్బులైనా సంతకమైనా నన్ను ఉదయం పూటే అడుగుతుందని, సాయంత్రం ఆరు దాటాక నా దగ్గరికి రాదని చెప్పాను. ఇంట్లో అందరికీ తెలిసిన ఆ సంగతిని నా నోటితో నేను వినడం అదే మొదలు. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి ఇదని, మానడానికి కారణాలు ఎదుటివారు చెప్పకుండా తాగేవాడి చేతే చెప్పించడం ఇందులో కీలకమని తరువాత తెలుసుకున్నాను.

అయితే కోరిక ఒక్కటే సాయంత్రం ఆరున్నరను దాటించలేదు. మూడో వారం నుంచి ఆమె కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ గమనించి మార్చుకునే చికిత్సను, కూడా కలిపారు. తాగాలనిపించిన ప్రతిసారీ సమయం, చోటు, పక్కనున్న మనిషి, మనసులో మెదిలిన మాట నోటుబుక్కులో రాయాలి. రెండు వారాల పద్దులు కూడితే, దిగులు వల్ల తాగుతున్నానని నేను అందరికీ చెప్పుకున్న కథ నిలవలేదు. ఎక్కువగా తేలినవి ఆకలి, జేబులో కిరాయి వసూళ్ల నగదు, "ఇంత చాకిరీ చేశాను, ఆ మాత్రం హక్కు లేదా" అనే వాక్యం. ఆరింటికే రెండు ఇడ్లీలు తినడం, నగదు ఆఫీసు బీరువాలోనే పెట్టి తాళం వేయడం, వైన్ షాపు తగలని దారిన ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆమే మా బావమరిది వేషం కట్టి "ఒక్క పెగ్గే, బావా" అని బతిమాలుతుంటే, వద్దని చెప్పడం సాధన చేశాను. నవ్వు వచ్చేది, కానీ పెళ్లిళ్లలో అది పనికివచ్చింది.

నాలుగో నెలలో బంధువుల ఇంట పెద్దకర్మ రోజున పనికిరాలేదు. ఒక క్వార్టర్ తాగి, ఎలాగూ పోయింది కదా అని మరునాడూ తాగాను. వెళ్లి చెప్పినప్పుడు ఆమె నోటుబుక్కు తెరవకుండా, మళ్లీ మార్కుల ప్రశ్నే అడిగారు. ఏడని నా నోట వచ్చేసరికి నాకే ఆశ్చర్యం వేసింది. ఆ తరువాతే "ఎలాగూ పోయింది కదా" అన్న మాటను పద్దులోకి ఎక్కించి, దానికి జవాబు రాశాం. ఈ రెండు పద్ధతులను ఒకటి ముగించి మరొకటి మొదలుపెట్టే పాఠాల్లా కాక, అవసరాన్ని బట్టి వెనక్కీ ముందుకీ వాడడమే నన్ను నిలబెట్టిందని నా అభిప్రాయం. అమెరికాలో మద్యం సమస్య ఉన్న 1,726 మందితో జరిపి 1997లో ఫలితాలు ప్రకటించిన ప్రాజెక్ట్ మ్యాచ్ పరిశోధనలో మూడు రకాల మాటల చికిత్సలూ దాదాపు సమానంగా పనిచేశాయని చదివాను; అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో చికిత్సే ఇచ్చారు. నేనైతే ఆ మార్కుల ప్రశ్న లేకుండా నోటుబుక్కు తెరిచేవాణ్ని కాను.

ఈ కార్తీకంలో మళ్లీ మాల వేసుకున్నాను. 42వ రోజు పద్దు ముందే రాసిపెట్టాను: ఆరింటికి ఇడ్లీ, ఆరున్నరకు కాలేజీ బస్సు దగ్గరికి వెళ్లి అమ్మాయిని తీసుకురావడం. ఈ రెండో పని తనే, ఒక రాత్రి భోజనాల దగ్గర, అడిగింది.