27 పొరలు

అన్నయ్య కార్డియాలజిస్ట్, అక్క ఛార్టర్డ్ అకౌంటెంట్. నా గురించి ఎవరైనా అడిగితే అమ్మ "చిన్నది ఫుడ్ లైన్‌లో ఉందండీ" అని మాట మార్చేసేది. కేకులు చేస్తుందని చెప్పడానికి నోరు రాదు మరి.

మే నెల విజయవాడలో క్రోసాంట్ (పొరలు పొరలుగా ఉండే ఫ్రెంచ్ పేస్ట్రీ) చేయడమంటే వెన్నతో యుద్ధమే. పిండి మధ్య వెన్న పలక పెట్టి, మూడేసి మడతలు మూడుసార్లు వేస్తే 27 పొరల వెన్న వస్తుంది. మధ్యమధ్యలో ఫ్రిజ్‌లో పెట్టాలి. వెన్న కరిగి పిండిలో కలిసిపోయిందా, ఇక వచ్చేది బన్నే. అందుకే తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెడతాను.

పెళ్లిచూపుల్లో అమ్మ మామూలుగానే అన్నయ్య పురాణం ఎత్తుకుంది. పెళ్లికొడుకు మాత్రం నా మణికట్టు మీద మచ్చ చూసి, "ట్రే తీసేటప్పుడు కాలిందా?" అన్నారు. వాళ్ల నాన్నగారిది బజ్జీల బండి. ఈయన మోచేతి నిండా కూడా నూనె చుక్కల మచ్చలు. ఇద్దరం చేతులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. (అమ్మ మొహం చూడాలి!)

నిన్న ఎంగేజ్‌మెంట్‌లో ఎవరో అడిగితే, అమ్మకంటే ముందు నేనే చెప్పాను, "పేస్ట్రీ షెఫ్‌ని" అని. అన్నయ్య పక్కనే నిలబడి రెండో క్రోసాంట్ తింటున్నాడు. కొలెస్ట్రాల్ ఊసే ఎత్తలేదు.